పెన్సిల్‌తో కొట్టేసిన పేజీ

ముప్పై ఒక్క ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జర్మన్ పాఠాలు చెప్పాను. అందులో మొదటి ఇరవై ఏడేళ్ళు ఒక్క జర్మన్ మనిషితో కూడా మాట్లాడలేదు. చెప్తే పరువు పోతుందని రిటైరయ్యేదాకా నోరు మూసుకున్నాను. ఇప్పుడు పెన్షన్ తింటున్నవాణ్ణి, మీరు ఎంత నవ్వుకున్నా నాకు వచ్చే నష్టం లేదు. కొత్తగా లెక్చరర్లుగా చేరిన మీలాంటి పిల్లలకి పనికొస్తుందని చెప్తున్నాను, వినండి.

"తెనాలిలో జర్మన్ ఏంటండీ?" అని అడగని చుట్టం లేడు నాకు. మా కాలేజీలో ఎప్పుడో ఒక పాత ప్రిన్సిపాల్ గారు ముచ్చటపడి సెకండ్ లాంగ్వేజ్‌గా పెట్టారు. ఆయన పోయారు, ముచ్చట మిగిలింది. సంస్కృతంలో సీట్లు నిండిపోతే మిగిలినవాళ్ళని నా దగ్గరికి పంపేవాళ్ళు. నేను బాపట్ల నుంచి రోజూ పాసింజర్ బండిలో వచ్చి చెప్పేవాణ్ణి. నేను నేర్చుకున్నదేమో హైదరాబాదులో, ఒక తెలుగాయన దగ్గర. ఆయన జర్మనీలో మూడు నెలలు ఉండొచ్చారు. నేను ఆ మూడు నెలలు కూడా లేను.

డిపార్ట్‌మెంట్ అంటే ఒక గది, గోడకి ఒక మ్యాపు, బీరువాలో రెండు డజన్ల టెక్స్ట్‌బుక్కులు. పుస్తకాలు కాలేజీవి. జూన్‌లో ఇచ్చి మార్చిలో తిరిగి తీసుకునేవాళ్ళం. పిల్లలు మారేవాళ్ళు గానీ పుస్తకాలు మారేవి కావు. మొదటి క్లాసులో నేను చేసే మొదటి పని ఏంటంటే, "స్కేలూ పెన్సిలూ తీయండి" అనడం. ఏ పేజీ పరీక్షకి రాదో చెప్పుకుంటూ పోయేవాణ్ణి, వాళ్ళు అడ్డంగా గీత కొట్టేసేవాళ్ళు. పాత బ్యాచ్ వాళ్ళ గీతలు అక్కడే ఉన్నా సరే, మళ్ళీ గీయించేవాణ్ణి, మర్చిపోతారని. అందుకే పిల్లలకి నేనంటే ప్రాణం. ఏటా నూటికి నూరు పాస్. ప్రిన్సిపాల్ గారు మీటింగుల్లో నన్ను లేపి నిలబెట్టి మరీ చప్పట్లు కొట్టించేవారు.

సంస్కృతం మాస్టారు మాత్రం కొట్టేవారు కాదు. మా ఇద్దరివీ పక్కపక్క గదులు. ఆయన నోరు మంచిది కాదు, మనసు మంచిది. "ఏమండోయ్, నా భాష నేను మాట్లాడతానంటే వినేవాడు లేడు. మీ భాష వినేవాళ్ళు కోట్లమంది ఉన్నారు, మీరు మాట్లాడరు" అనేవారు. ఎందుకన్నారంటే, నా గుట్టు ఆయనకి తెలుసు. ఒకసారి చుండూరు దగ్గర ఏదో మిషన్ బిగించడానికి ఒక జర్మన్ ఇంజనీరు వస్తే, దుబాసీగా వెళ్ళమన్నారు నన్ను. ఆరోజు జ్వరమని సీఎల్ పెట్టాను. ఇంకోసారి ఎవరో దంపతులు కాలేజీ చూడటానికి వస్తున్నారంటే మళ్ళీ జ్వరమే. జర్మనీ పేరు చెప్తే జ్వరమొచ్చే జర్మన్ లెక్చరర్ని దేశంలో నన్నొక్కణ్ణే చూశానని ఆయన స్టాఫ్‌రూములో అందరి ముందూ అన్నారు. కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. కానీ అన్నది నిజమే కదా, మూడో రోజు నేనే టీ తెప్పించాను.

అట్లాంటి నా క్లాసులోకి ఆ పిల్ల వచ్చింది. రేపల్లె అవతల సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి బోటు మీద వేటకి వెళ్తాడు, తల్లి రేపల్లె మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది. ఆడపిల్లకి తెనాలిలో చదువేంటని చుట్టాలందరూ అంటుంటే, ఆ తల్లి ఎవరి మాటా లెక్కచెయ్యకుండా రేపల్లె పాసింజర్‌లో తనే తీసుకొచ్చి చేర్పించింది. అప్పటికి సంస్కృతంలో సీట్లు అయిపోయాయి. అందుకే నాకు దక్కింది.

ఆ పిల్లతో నాకొక ఇబ్బంది ఉండేది. ప్రశ్నలు అడిగేది. "సార్, అక్కడ కూడా సముద్రం ఉందిగా, వాళ్ళు చేపల్ని ఎట్లా ఎండబెడతారు సార్? వాళ్ళకి అంత ఎండ ఉండదుగా?" నాకేం తెలుసు? "అది పరీక్షకి రాదమ్మా" అనేవాణ్ణి. "ముసలాళ్ళు ఒక్కళ్ళే ఉంటారంట, మరి రోగమొస్తే ఎవరు చూస్తారు సార్?" "అది కూడా రాదమ్మా." పాపం, తలకాయ ఊపి కూర్చునేది. వారం తిరిగేసరికి మళ్ళీ అడిగేది.

ఆ పిల్ల మూడో సంవత్సరంలో ఉండగా ఒక కబురొచ్చింది. జర్మనీలో ఒక యూనివర్సిటీ వాళ్ళు మన చుట్టుపక్కల కాలేజీల నుంచి ఇద్దరు పిల్లల్ని ఒక సెమిస్టర్ తీసుకెళ్తారు, ఖర్చంతా వాళ్ళదే. మనుషుల్ని ఎంచుకోవడానికి ఒక ప్రొఫెసరమ్మ స్వయంగా వస్తుంది. సముద్రం దగ్గర ఉండే చోటు కావాలందని ఆవిడకి బాపట్లలో సూర్యలంక పోయే దారిలో ఒక గెస్ట్‌హౌస్ చూశారు. ఇంటర్వ్యూలు కూడా అక్కడే. పేర్లిచ్చినవాళ్ళు ఎనిమిది మంది. ఆ పిల్లది ఆరో నంబరు.

ఇంటర్వ్యూలు రెండు రోజులు. గెస్ట్‌హౌస్ మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. నేను వెళ్ళి ఆవిణ్ణి పలకరించాలి, పిల్లల్ని పరిచయం చెయ్యాలి. నేనేం చేశాను? ఆ రెండు రోజులూ తెనాలిలో ఇన్విజిలేషన్ డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాను. జ్వరం పాతబడిపోయింది కదా! పిల్లలకి మాత్రం "ధైర్యంగా మాట్లాడండి, భయమెందుకు?" అని ఫోన్లో తెగ ఉపదేశం చేశాను.

రెండో రోజు పొద్దున పరీక్ష మొదలవబోతుంటే ఫోన్ మోగింది.

"సార్, తలుపు మీద లిస్టులో నా నంబరు కొట్టేశారు సార్."

"ఎందుకమ్మా?"

"ఏమో సార్. నిన్న సాయంత్రం దాకా ఉంది. అడిగితే మాట్లాడటం కుదరదంటున్నారు. మూడింటికి వెళ్ళిపోతారంట సార్." ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేవాణ్ణి. "మీరొస్తే మాట్లాడతారుగా సార్?" అంది. 

ఫోన్ పెట్టేసి సంస్కృతం మాస్టారికి చెప్పాను. నిజం చెప్తే, 'పాపం, ఏం చేస్తాం' అని ఆయన అంటారేమోనని ఆశపడ్డాను. ఆయన నా చేతిలో ఆన్సర్ పేపర్ల కట్ట లాక్కున్నారు. "మీ డ్యూటీ నేను చేస్తా. మద్రాసు వైపు పాసింజర్ ఇంకా పోలేదు, పదండి."

"అది కాదండీ, నా జర్మన్..."

"మీ జర్మన్ సంగతి నాకు తెలుసు, ఆ మహాతల్లికి కూడా ఇవాళ తెలుస్తుంది. తెలిస్తే ఏమవుతుంది? చస్తారా? ముప్పై ఏళ్ళుగా నాతో సంస్కృతంలో ఒక్క మాట మాట్లాడేవాడు దొరక్క అల్లాడుతున్నాను నేను. మీకు తలుపు అవతల మనిషి కూర్చుని ఉంది. నడవండి!"

దారిలో ఎందుకైనా మంచిదని బీరువాలోంచి టెక్స్ట్‌బుక్ ఒకటి తీసుకున్నాను. బండిలో తెనాలి నుంచి బాపట్ల దాకా మనసులో ఒక ఉపన్యాసం తయారుచేశాను. గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి అని మొదలుపెట్టి అప్పికట్ల వచ్చేసరికి ఎనిమిది వాక్యాలు కుదిరాయి. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ నా పెదాలు కదలడం చూసి, "ఏ స్తోత్రం బాబూ అది?" అని అడిగింది.

గెస్ట్‌హౌస్ మెట్ల మీద తల్లీకూతుళ్ళు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే తల్లి లేచి చేతులు జోడించింది.

"నేనే చేశాను సారూ. పిల్లదాని తప్పేం లేదు."

"ఏం చేశావమ్మా?"

"నిన్న సాయంత్రం నాలుగు మండపీతలు తెచ్చి ఆమ్మ గుమ్మం ముందు పెట్టాను. అంత పెద్దామె అంత దూరం నుంచి మన పిల్లకోసం వస్తే, ఒట్టి చేతుల్తో ఎట్టా పోతాం సారూ? గుడ్డున్న ఆడపీతలు, ఏరి ఏరి కట్టాను. తడి గోనెసంచిలో పెట్టి రేపల్లె నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను."

"మరి నీ పేరెట్లా తెలిసింది వాళ్ళకి?" అని పిల్లని అడిగాను.

"చీటీ రాసి కట్టాను సార్. గౌరవంతో అని జర్మన్‌లో రాసి, పేరూ రోల్ నంబరూ వేశాను. మీరే చెప్పారుగా సార్, ఏది సబ్మిట్ చేసినా రోల్ నంబరు లేకపోతే సున్నా అని."

వాచ్‌మన్ అందుకుని మిగతాది చెప్పాడు. ప్రొఫెసరమ్మ సముద్రం చూసొచ్చేసరికి గుమ్మంలో గోనెసంచి తనంతట తనే కదులుతోందట. కెవ్వుమని అరిచిందట. ఇతను వెళ్ళి విప్పి చూపిస్తే, చీటీ చదివి ముఖం ఎర్రగా చేసుకుని లోపలికి వెళ్ళి, నంబరు కొట్టేసిన కాగితం తెచ్చి తలుపుకి అంటించిందట. పీతల్ని మాత్రం ఇతను బకెట్లో వేసి, తడి గోనె కప్పి, పొద్దునదాకా నీళ్ళు చిలకరించి బతికించాడు.

పరీక్ష పెట్టే మనిషికి పరీక్ష రాసే మనిషి పీతలు పంపిస్తే వాళ్ళ దేశంలో దాన్నేమంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు. మనకి మర్యాద. వాళ్ళకి లంచం.

"అట్లా చెయ్యకూడదని తెలీదా అమ్మా నీకు?" అని అరిచాను. భయంతో ఉన్నవాడికి కోపం తొందరగా వస్తుంది.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. "ఏడో పాఠంలో ఉంది కదా సార్. జర్మన్ వాళ్ళ ఇంటికి వెళ్తే ఉత్త చేతులతో వెళ్ళకూడదు, ఏదైనా తీసుకెళ్ళాలి అని. నాలుగు మార్కుల ప్రశ్న. అమ్మ పీతలు తెస్తానంటే, వాళ్ళకీ మన పద్ధతే ఉందని నేనే చెప్పాను."

చంకలో ఉన్న పుస్తకం తీసి ఏడో పాఠం విప్పాను. ఎడమ పేజీలో ఇంటికి వెళ్ళే మర్యాద. పూలు, చాక్లెట్లు, నవ్వుతున్న బొమ్మలు. కుడి పేజీలో ఆఫీసుల్లో, పరీక్షల్లో ఎట్లా మెలగాలో ఉంది. ఏమీ ఇవ్వకూడదని, ఇస్తే తీసుకోరని, తప్పు పడతారని మూడో వాక్యంలోనే ఉంది. ఆ పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి పెన్సిల్ గీతలు. ఒకటి కాదు, ఎన్ని బ్యాచ్‌లవో. కొన్నిచోట్ల కాగితం చిరిగింది కూడా. ఎడమ పేజీలోంచి ఏటా నాలుగు మార్కులొచ్చేవి, కుడి పేజీలోంచి ఎప్పుడూ ఏమీ రాలేదు. అందుకని నేనే కొట్టించాను.

సిగ్గుతో చచ్చిపోయాను, నిజంగా. అయినా వెళ్ళి తలుపు కొట్టాను.

పొడుగు మనిషి, నెరిసిన జుట్టు, ఇక్కడే కొన్నట్టున్న నూలు కుర్తా. "గూటెన్ టాగ్" అన్నాను. ఆవిడా అంది. ఆ తర్వాత అప్పికట్ల దాకా కూడబెట్టిన ఎనిమిది వాక్యాల్లో ఒక్కటి గుర్తుకొస్తే ఒట్టు! ఆవిడ ఓపిగ్గా చూస్తూ నిలబడింది. చివరికి పుస్తకం విప్పి ఆ పేజీ ఆవిడ ముందు పెట్టి, వచ్చిన నాలుగు మాటలూ వచ్చినట్టు అనేశాను. తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది, అసలుది ఇంకా ఘోరం.

"తప్పు నాది. నేను ఈ అమ్మాయి టీచర్ని. ఈ పేజీ నేను చెప్పలేదు."

ఆవిడ పేజీ చూసింది. వేలితో గీతల్ని తడిమింది. "ఎందుకు కొట్టేశారు?"

"ఇది పరీక్షకి రాదు."

ఆవిడ పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "ఇవాళ వచ్చింది కదా" అంది.

నేను తల దించుకున్నాను. అప్పుడే నాకింకో విషయం తట్టింది. ఆవిడ మాట్లాడింది నాకు అర్థమైంది. నేనన్నది ఆవిడకీ అర్థమైంది. ఇరవై ఏడేళ్ళు ఏ పులికి భయపడి చెట్టెక్కి కూర్చున్నానో గానీ, కింద పులి లేదు.

ఆవిడ కూర్చోమని, నిదానంగా చెప్పింది. రూలు రూలే. ఆ వస్తువు పెట్టినవాళ్ళు వెనక్కి తీసుకుని, తీసుకున్నట్టు సంతకం పెట్టాలి. పెడితే తెలియక చేసిన పొరపాటని రాసుకుని ఇంటర్వ్యూ చేస్తుంది. పెట్టకపోతే కుదరదు. ఆ ఇంటర్వ్యూకి కూడా పావుగంటే టైముంది.

ఎగిరి గంతేసి మెట్ల దగ్గరికి వచ్చాను. తీరా చెప్తే తల్లి అడ్డం తిరిగింది.

"ఇచ్చింది వెనక్కి తీసుకోటం ఏంటి సారూ? మేం లేనోళ్ళమే గానీ అంత గతిలేనోళ్ళమా? ఆమ్మకి వద్దంటే సముద్రంలో పారేసుకోమనండి. నేను ముట్టుకోను."

"నీ కూతురి బతుకమ్మా ఇది!"

"దాని బతుకు కోసమేగా సారూ మర్యాద చేసింది!" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఊళ్ళో తెలిస్తే ఏమంటారు? పీతలు మొహాన కొట్టి పంపించారంటారు."

ఇరవై ఏడేళ్ళ సర్వీసు, రెండు భాషలు, ఒక్క మాట లేదు నా దగ్గర. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ ప్రొఫెసరమ్మ చేతి గడియారం చూసుకుంటోంది.

ఆ పిల్ల లేచింది. ముందు ఆవిడ వైపు తిరిగి జర్మన్‌లో, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. "మా అమ్మ ఇచ్చింది వెనక్కి తీసుకోదు, అది మా దగ్గర అవమానం. మీరు ఉంచుకోకూడదు, అది మీ దగ్గర తప్పు. చీటీ మీద నా నంబరు ఉంది. నాకివ్వండి. నేను తీసుకుంటాను, నేను సంతకం పెడతాను."

తర్వాత తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు ఆవిడకిచ్చావు. ఆవిడ నాకిస్తోంది. నువ్వేం వెనక్కి తీసుకోవట్లా. ఊళ్ళో అట్టాగే చెప్పు, మా పిల్లకి జర్మనావిడ పీతలు పెట్టిందని."

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని, "సచ్చినదానా" అని నవ్వింది. నేను ప్రొఫెసరమ్మకి ఆ చివరి మాట కూడా వివరించబోయాను గానీ, అక్కర్లేకపోయింది, ఆవిడా నవ్వుతోంది.

సంతకం అయింది. వాచ్‌మన్ బకెట్ తెచ్చి ఆ పిల్ల కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆ పిల్ల నా వైపు చూసి, "సార్, మీరు తీసుకోండి" అంది.

మీతో అబద్ధమెందుకు? మండపీతల పులుసంటే నాకు ప్రాణం. ఏటా ఇంటర్నల్స్ ముందు పిల్లలు తెచ్చిన మామిడిపళ్ళూ రొయ్యలూ మా ఇంట్లో ఎన్ని తిన్నామో లెక్కలేదు. అప్పుడెప్పుడూ నాకు ఏ పేజీ గుర్తురాలేదు. "నీ ఇంటర్నల్ మార్కులు ఇంకా వెయ్యలేదమ్మా, నాకొద్దు" అన్నాను. చివరికి తల్లే తేల్చింది. "రాత్రంతా బతికించింది నువ్వు. నీకే నాయనా" అని బకెట్ వాచ్‌మన్ వైపు జరిపింది.

పావుగంట అన్న ఇంటర్వ్యూ గంట దాటింది. తలుపు సగం తీసే ఉంది, మెట్ల మీదికి వినపడుతోంది. ఆ పిల్ల అడుగుతోంది, అక్కడ ఎండ తక్కువ కదా, చేపల్ని ఎట్లా నిలవచేస్తారని. ఆవిడది ఉత్తరాన సముద్రపు ఊరేనట. వాళ్ళ తాత చేపల్ని దండలా కట్టి పొగలో వేలాడదీసేవాడని చెప్తోంది. ఇద్దరూ ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డొస్తున్నారు. మూడేళ్ళు నేను 'రాదమ్మా' అన్న ప్రశ్న అది. పక్కన కూర్చున్న తల్లి, "ఏమంటన్నారు సారూ?" అని గుచ్చి గుచ్చి అడిగింది. నేను ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నా జన్మలో నేను చేసిన మొదటి దుబాసీ పని అదే, ఒక ఎండుచేపలమ్మే తల్లికి.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. ఇద్దరిలో ఆ పిల్ల ఒకతి. వెళ్ళింది, ఆర్నెల్లు చదువుకుని వచ్చింది. తర్వాత హైదరాబాదులో ఎమ్మే చేసింది. నేను ఇంకో మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆ మూడేళ్ళూ కొత్త గీతలు గీయించలేదు, పాత గీతల కిందే కుడి పేజీలు కూడా చెప్పాను. ఒక ఏడు ఇద్దరు తప్పారు. ప్రిన్సిపాల్ గారు చప్పట్లు మానేశారు. సంస్కృతం మాస్టారు మొదలుపెట్టారు.

నా తర్వాత నాలుగేళ్ళు ఆ గదికి తాళమే. ఈ జూన్‌లో ఫోనొచ్చింది. "సార్, గెస్ట్ లెక్చరర్‌గా మన కాలేజీలోనే ఇచ్చారు. మొదటి క్లాసుకి మీరు రావాలి." పాసింజర్ ఎక్కి వెళ్ళాను. చివరి బెంచీలో కూర్చున్నాను. బీరువాలోంచి అవే రెండు డజన్ల పుస్తకాలు తీసి పంచింది. జర్మన్ క్లాసంటే మొదట ఏం చెయ్యాలో వీళ్ళకి ఏ పాత బ్యాచ్ అన్నయ్యో అక్కయ్యో చెప్పే ఉంటారు, ఎవరూ అడక్కుండానే సగంమంది స్కేళ్ళు, పెన్సిళ్ళు తీసి బల్ల మీద పెట్టారు.

"అవి లోపల పెట్టేయండి. రబ్బర్లు తీయండి" అంది.

పిల్లలు ముఖాలు చూసుకున్నారు. లేనివాళ్ళు పక్కవాళ్ళని అడిగి ముక్కలు తుంచుకున్నారు. గదంతా కాగితం మీద రబ్బరు రుద్దే చప్పుడు. ఆ పిల్ల, ఇంకా పిల్లేంటి, మేడమ్ గారు, బెంచీల మధ్య నడుచుకుంటూ వెనక్కి వచ్చి, నా ముందు ఒక పుస్తకం, దాని మీద ఒక కొత్త రబ్బరు పెట్టింది.

"మీరూ సార్" అంది.

కళ్ళజోడు తుడుచుకుని, ఏడో పాఠం కుడి పేజీ తీసి చెరపడం మొదలుపెట్టాను.